పల్లె పంతులును మలచిన బిషపు – కీర్తిశేషులు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు

ఈ శతాబ్ది సంచికకు ఒక వ్యాసము వ్రాయవలెనని సంపాదకవర్గము వారు కోరినప్పుడు ఎవరిని గూర్చి వ్రాయుదుమా అని కొన్ని దినములు ఆలోచించాము. డిచ్‌పల్లిలో సేవచేయువారికి మొదట స్ఫురించు పేరు డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసానిగారిది. 1915లో ఈ ఊరిలో కుష్ఠు రోగుల కొరకు ఆసుపత్రి నెలకొల్పిన ఆ తల్లి పేరు వినని కుటుంబము మన సంఘములలో అరుదు. అయినను ఈసారి మేము మన పొరుగు అధ్యక్ష మండలమైన దోర్నకల్ మొదటి బిషపు, కీర్తిశేషులు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి జీవితమును ఎన్నుకొన్నాము. ఆయనను గొప్ప ప్రసంగీకునిగా, మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషపుగా, సంఘైక్యతకు పాటుపడిన నాయకునిగా చాలామంది ఎరుగుదురు. ఉపాధ్యాయులను తయారుచేసినవానిగా ఎరిగినవారు తక్కువ. మేము చెప్పదలచినది ఆ సంగతియే.

ఇందుకు ఒక కారణము గలదు. దానిని దాచకుండ ముందుగానే చెప్పుట మంచిది. కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక పాఠశాలకు కరస్పాండెంటుగా ఉంటిమి. ఏడవ తరగతి చదువుచున్న ఒక పిల్లవాడు ప్రతిదినము ప్రార్థన గంట కొట్టిన తరువాతనే వచ్చువాడు. ఉపాధ్యాయులు మొదట మందలించారు. తరువాత ఎండలో నిలబెట్టారు. గోడకుర్చీ వేయించారు. చివరకు బెత్తము పట్టారు. ఒక దినమున పిల్లవాడు ఎదురు మాటలాడినాడు. బడి మర్యాద చెడిపోవుచున్నదని ఉపాధ్యాయులందరు వచ్చి చెప్పగా, మేము మరేమియు విచారింపక టీసీ మీద సంతకము చేశాము. ఆ సాయంకాలము ఏదో మంచి పని చేసినట్లే మాకు తోచినది.

కొన్ని నెలల తరువాత గృహ దర్శనమునకు ఆ వాడకు వెళ్ళినప్పుడు అసలు సంగతి తెలిసినది. పిల్లవాని తండ్రి గల్ఫ్ దేశములో ఉన్నాడు. తల్లి రాత్రి ప్రొద్దుపోవువరకు బీడీలు చుట్టును. తెల్లవారగానే ఆ కట్టలను కార్ఖానాలో అప్పగించి, మరల చుట్టుటకు ఆకు, తంబాకు తెచ్చుట ఆ పిల్లవాని పని. అది ముగించుకొని పరుగెత్తి వచ్చినను గంట కొట్టివేయుదురు. మేము వెళ్ళిన దినమున అతడు ఒక హోటలులో గ్లాసులు కడుగుచుండెను. మమ్మును చూచి తడి చేతులతోనే నమస్కారము చేశాడు. ఆ నమస్కారము ఇప్పటికిని మమ్మును వదలలేదు.

తప్పు ఉపాధ్యాయులది మాత్రమే కాదు. లెక్కలు, ఇంగ్లీషు ఎట్లు చెప్పవలెనో వారికి ఎవరో నేర్పారు. పిల్లల నడవడిని ఎట్లు దిద్దవలెను, బడి మర్యాదను ఎట్లు నిలుపవలెను అనునది వారికి శ్రద్ధగా నేర్పినవారు లేరు. వారిపై అధికారముగల మాకును లేరు. ఆ కలతలో ఉండగా, వేదాంత కళాశాలలో పరీక్ష కొరకు చదివి మరచిన అజరయ్యగారి జీవితమును మరల తీసి చదివాము. పరీక్షకు చదివినప్పుడు కనబడని సంగతులు ఈసారి కనబడినవి.

బాల్యము, విద్య

అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తమిళ దేశమందలి తిరునెల్వేలి ప్రాంతములో వెల్లాలన్‌విళై అను చిన్న గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకంగారు ఆ గ్రామ సంఘమునకు గురువు. హిందూ కుటుంబములో పుట్టి, మిషను బడిలో చదువుకొని, అక్కడనే క్రీస్తును ఎరిగినవారు. కావున బడి లేకపోయినచో ఆ కుటుంబ చరిత్రయే వేరుగా ఉండెడిది. తల్లి ఎలెన్ అమ్మగారు. చాలా సంవత్సరములు బిడ్డ కొరకు ప్రార్థించిన తరువాత పుట్టిన కుమారుడు గనుక, హన్నా తన బిడ్డకు పెట్టిన పేరే ఈమెయు పెట్టి శామ్యూల్ అని పిలిచింది.

పదేండ్ల ప్రాయములో బాలుని మెజ్ఞానపురములోని బోర్డింగు బడికి పంపారు. చదువు చెప్పుటయే కాదు, వేళకు లేచుట, వేళకు ప్రార్థించుట, తన పని తాను చేసికొనుట కూడ ఆ బడులలో నేర్పెడివారు. తండ్రి మరణించిన తరువాత తల్లియే పిల్లవాని నడవడిని కట్టుదిట్టముగా కాపాడింది. తిరునెల్వేలిలో కళాశాల చదువు చదువుచున్నప్పుడు, క్రైస్తవ విద్యార్థులలో కూడ కులభేదము పాటించబడుట చూచి, ఆ గోడను తొలగించుటకు తోటి విద్యార్థులతో కలిసి ఒక చిన్న సమాజమును ఏర్పాటు చేశారు. ఒకే బల్లయొద్ద కూర్చుండని విద్యార్థులు ఎంత చదివినను ఏమి ప్రయోజనమని ఆ వయస్సులోనే ఆయనకు తోచినది. తరువాత విలియం మిల్లర్‌గారు ప్రిన్సిపాలుగా ఉన్న మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. చివరి పరీక్ష సమయమున అస్వస్థత కలుగుటచే పట్టా పుచ్చుకొనకుండగనే కళాశాల విడువవలసి వచ్చినది. పట్టా లేని ఈ వ్యక్తికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు నిచ్చినది.

యువజన సేవ, మిషనరీ సంఘములు

1895లో, 21 ఏండ్ల వయస్సులో, ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా సేవ ప్రారంభించి 1909 వరకు దక్షిణ ఇండియాయంతట తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడారు. దక్షిణ ఇండియాలో కళాశాల చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత దోర్నకల్‌లో జరిగిన ఉపాధ్యాయ శిక్షణను అర్థము చేసికొనుటకు ఇది అవసరము.

1902లో ఆయన సింహళములోని యాళ్పాణము దర్శించారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో, తమ సొంత మనుష్యులతో సువార్త పని నడుపుచుండుట చూచి సిగ్గుపడ్డారు. ఇంటికి వచ్చి 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించుటలో ముఖ్యపాత్ర వహించారు. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఆవిర్భవించినప్పుడును ఆయన, ఆయన స్నేహితులు కె.టి. పాల్‌గారు ముందుండిరి. భారతీయుల మనుష్యులు, భారతీయుల ధనము, భారతీయుల పరిపాలన అనునవి ఈ సంఘములకు పునాది.

తిరునెల్వేలి సొసైటీ వారు తమ పనికి ఎన్నుకొన్న పొలము మన నిజాము రాజ్యములోని దోర్నకల్. ఇతరులను పంపుచు తాను పట్టణములో ఉండుట అజరయ్యగారి మనస్సుకు నచ్చలేదు. 1909లో గురుత్వాభిషేకము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరారు. అప్పటికి ఆయన వయస్సు 35 ఏండ్లు. ఆ వయస్సులో బాలుని వలె తెలుగు అక్షరములు దిద్దుకొన్నారు. తమిళ యాసతో ప్రారంభమైన ఆ తెలుగు కొలదికాలములోనే పల్లె ప్రజల హృదయములను తాకు భాషయైనది. ఇతరులకు నేర్పబోవువాడు మొదట తాను నేర్చుకొనుటకు సిగ్గుపడరాదని ఆయన జీవితము మనకు చూపుచున్నది.

1910లో స్కాట్లండు దేశమందలి ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ప్రసంగించారు. విదేశ మిషనరీలు ఇండియా ప్రజల కొరకు ధనము, ప్రాణము సయితము ధారపోసిరని ఒప్పుకొనుచు, వారి నుండి ఇండియా సంఘము ఇప్పుడు కోరునది సమానులకిచ్చు స్నేహమని విన్నవించారు. ఆ మాట కొందరికి కోపము కలిగించినది, మరికొందరిని ఆలోచింపజేసినది. మద్రాసు బిషపు హెన్రీ వైట్‌హెడ్‌గారు ఆయనను ప్రోత్సహించారు. భారతీయుడు బిషపు అగుటకు యోగ్యుడా అను అభ్యంతరములు తెల్లవారిలోను మనవారిలోను లేచినప్పటికి, 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో ఆయన బిషపుగా అభిషేకింపబడ్డారు.

ఒక పంతులు, ఒక పల్లె

ఆ కాలమున దోర్నకల్ అధ్యక్ష మండలము చిన్నది. క్రైస్తవుల సంఖ్య సుమారు 8,000. భారతీయ గురువులు ఆరుగురు. తరువాతి సంవత్సరములలో కృష్ణా, గోదావరి మొదలగు ప్రాంతముల సంఘములు దీనిలో చేరినవి. పల్లెలలోని మాల మాదిగ ప్రజలు కుటుంబములుగా, వాడలుగా బాప్తిస్మము కోరి వచ్చారు. 1941 నాటికి సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటినది.

వాడకు వాడ బాప్తిస్మము కోరినప్పుడు వారికి బోధించువాడు ఎవరు? గురువు నెలకొకసారియో, రెండు నెలలకొకసారియో వచ్చును. ప్రతిదినము వారి మధ్య ఉండువాడు బడిపంతులు ఒక్కడే. మన పెద్దలు ఉపదేశి అని పిలిచినది ఆయననే. పగలు పిల్లలకు అక్షరములు, రాత్రి పశువులు కాచివచ్చిన బాలురకు దీపము వెలుగున చదువు, ఉదయ సాయంకాలములు ప్రార్థన, ఆదివారము ఆరాధన, జ్వరము వచ్చినవానికి మందు, కోర్టు కాగితము వచ్చినవానికి చదివి చెప్పుట, భార్యాభర్తలు పోట్లాడుకొన్నచో సమాధానపరచుట, ఇవన్నియు ఆయన పనులే. ఆ బడి గోడలు మట్టివి, కప్పు తాటాకులది. పంతులు చదువు కూడ కొద్ది తరగతులే. భూస్వామి పిల్లలను పనికి పిలిచినప్పుడు బడి ఖాళీయగును. అట్టి స్థలములో బడి నిలుచునా పడిపోవునా అనునది పంతులు నడవడి మీద ఆధారపడియుండెను.

ఇది దోర్నకల్‌కు మాత్రమే ఉన్న చిక్కు కాదు. 1919–20లో ఏ.జి. ఫ్రేజర్‌గారి అధ్యక్షతన ఒక కమిషను దేశమంతట తిరిగి గ్రామ విద్యను పరిశీలించినది. అజరయ్యగారి స్నేహితులు కె.టి. పాల్‌గారు అందులో సభ్యులు. పల్లె జీవితముతో సంబంధములేని చదువు నిలువదనియు, పల్లె ఉపాధ్యాయుని తర్ఫీదే సమస్తమునకు మూలమనియు ఆ కాలపు ఆలోచనాపరులు గ్రహించుచుండిరి. దోర్నకల్‌లో బిషపుగారు అదే సంగతిని తమ చేతులతో చేసి చూపించుచుండిరి.

శిక్షణ ఎట్లు జరిగెను

దోర్నకల్‌లో శిక్షణాలయములు ఏర్పడినవి. పల్లె ఉపదేశులకు, గురువులు కాబోవువారికి అక్కడ తర్ఫీదు ఇచ్చెడివారు. ఆ శిక్షణలో మేము నాలుగు సంగతులు గమనించాము.

మొదటిది, భార్యాభర్తలిద్దరికిని శిక్షణ. వివాహితుడు ఒంటరిగా వచ్చి చదివి వెళ్ళుట బిషపుగారికి ఇష్టము లేదు. భార్యను బిడ్డలను వెంట తెచ్చుకొని అక్కడ నివసించవలెను. భర్త పాఠములు నేర్చుచుండగా భార్యయు చదువు, వ్రాత, బైబిలు, ఆరోగ్య సూత్రములు నేర్చుకొనవలెను. అన్బు అమ్మగారు స్త్రీల మధ్య జరిగిన పనికి ప్రాణముగా ఉండిరి. ఇది ఉపకారము కొరకు చేసినది కాదు, ఆలోచించి చేసినది. పల్లెలో పంతులు ఇల్లే బడికి మొదటి పాఠ్యపుస్తకము. ఆ ఇంటిలో భార్యను ఎట్లు పిలుచునో, బిడ్డను ఎట్లు మందలించునో, వాకిలి ఎట్లున్నదో వాడయంతయు చూచును. ఇంటిలో అరచువాడు బడిలో శాంతమును నేర్పలేడు.

రెండవది, చేతిపని. మురికి, రోగము, అప్పు, త్రాగుడు ఈ నాలుగింటిని బిషపుగారు సంఘమునకు శత్రువులుగా ఎంచి జీవితాంతము పోరాడారు. చదువుకొన్నవాడు చేయి మురికి చేసికొనరాదను ఆలోచన కూడ వాటికి తోడుపడునని ఆయన గ్రహించారు. కావున దోర్నకల్‌లో చదువుతో పాటు వృత్తివిద్యకు చోటిచ్చారు. తాను ఊడ్వని పంతులు పిల్లలచేత ఊడిపించినచో అది శిక్ష. తానును చీపురు పట్టి ఊడ్చినచో అది పాఠము.

మూడవది, కలిసి బ్రదుకుట. మాల, మాదిగ, ఇతర కులముల నుండి వచ్చినవారు ఒకే ఆవరణలో నివసించి, ఒకే ప్రార్థనలో మోకరించి, ఒకే బల్లయొద్ద పాలుపొందవలెను. కులభేదము తప్పని ఉపన్యాసము చెప్పుట సులభము. కొన్ని సంవత్సరములు కలిసి బ్రదికినవాడు మాత్రమే తన బడిలో పిల్లలను కలిపి కూర్చుండబెట్టగలడు.

నాల్గవది, శిక్షణ ఒక్కసారితో ముగియదు. పల్లెకు పంపిన తరువాత పంతులును మరచిపోవు పద్ధతి లేదు. గురువులు తమ పరిధిలోని ఉపదేశులను మాటిమాటికి కూడదీసి, వారి పని విచారించి, పాఠము చెప్పి, ప్రార్థించి పంపెడివారు. బిషపుగారు స్వయముగా ఎడ్లబండి మీద, కాలినడకను పల్లెలు తిరిగి, చెట్టు క్రింద కూర్చుండి, పిల్లలను ప్రశ్నలడిగి, పంతులు యోగక్షేమములు విచారించెడివారు. తనను ఎవరో చూచుచున్నారనుట పంతులుకు భయము. తనను ఎవరో ఆదుకొందురనుట ధైర్యము. ఈ రెండును కలిసినప్పుడే మనిషి నిలుచును.

ఈ విధముగా తయారైనవారి సంఖ్య 1930ల మధ్య నాటికి సుమారు 2,000కు చేరినది. అధ్యక్ష మండలములో సహకార సంఘములు, వైద్యశాలలు, ముద్రణాలయము కూడ పనిచేసినవి. అయితే అన్ని పల్లెలలోను బిషపుగారి చేయి, నోరు, కన్ను ఆ పంతుళ్ళే.

మర్యాదకు పండుగ తోడు

బడి మర్యాద అనగానే మనకు శిక్ష జ్ఞాపకమునకు వచ్చును. అజరయ్యగారికి పండుగ జ్ఞాపకమునకు వచ్చెడిదేమో. పాత జాతరలు విడిచివచ్చిన ప్రజలకు ఖాళీ చేతులు చూపరాదని, కోతకాలపు పండుగలను, తెలుగు కీర్తనలను, తాళములు మద్దెలతో కూడిన భజనలను, ఊరేగింపులను ప్రోత్సహించారు. మనిషిని ఒక అలవాటు నుండి తప్పించవలెనన్నచో అంతకంటె మంచి అలవాటును చేతికీయవలెను. గృహిణులు వంటకు ముందు పిడికెడు బియ్యము దేవుని కొరకు తీసిపెట్టు వాడుకను ఆయన బలపరచారు. బీదవానికి సయితము ఇచ్చు చేయి ఉన్నదని దాని భావము. బాప్తిస్మము పొందినవారు తమ తలపై తామే చేయి పెట్టుకొని, సువార్త ప్రకటించు భారము తమ మీద ఉన్నదని పలుకునట్లు చేసెడివారు. నిన్నటివరకు ఊరిలో తల ఎత్తనివాడు ఆ దినమున తన తలపై తన చేయి పెట్టుకొని బాధ్యత వహించెను. ఇంతకంటె గొప్ప క్రమశిక్షణ పాఠము ఏ బడిలో ఉన్నది?

దాని ఫలితము మెల్లగా కనబడినది. వాడలో త్రాగుడు తగ్గుట, ఇండ్లు శుభ్రపడుట, పిల్లలు చదువుట చూచి ఊరిలోని ఇతర కులములవారు కూడ ఆలోచించసాగారు. 1930లలో వారిలో నుండియు వేలకొలది సంఘములో చేరారు. తమను పిలిచినది ప్రసంగము కాదు, మారిన పొరుగువాని నడవడి అని వారు సాక్ష్యమిచ్చారు.

లోపములు కూడ

మహాత్ములను గూర్చి వ్రాయునప్పుడు వారి కష్టములను దాచుట మనకు అలవాటు. అది మంచిది కాదు. మాల మాదిగల మధ్య గల వైరము సంఘములో పూర్తిగా సమసిపోలేదు. అది ఆయన హృదయమునకు చివరివరకు బాధగానే ఉండెను. క్రమశిక్షణ విషయములో ఆయన చాలా కఠినులని భావించినవారును ఉండిరి. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దని ఆయన వాదించినప్పుడు తనవారిలో కొందరికి నచ్చలేదు. మతాంతరము విషయములో గాంధీగారితో ఏకీభవింపలేకపోయారు. శిక్షణ పొందిన పంతుళ్ళందరును నిలువలేదు. జీతము స్వల్పము, శోధన అధికము. అయినను ఒకడు పడిపోయినప్పుడు పద్ధతినే విడిచిపెట్టక, మరల నేర్పుటకు పూనుకొనుట ఆయనలోని విశేషము.

ఏలీని జ్ఞాపకము చేసికొనుడి. దేవాలయములో బాలుడైన సమూయేలును చక్కగా పెంచినవాడు ఆయనయే. సొంత కుమారులను దిద్దలేకపోయినవాడును ఆయనయే. గద్దించవలసినచోట గద్దింపక ఏలీ తప్పిపోయాడు. విచారింపవలసినచోట విచారింపక మేము తప్పిపోయాము. నడవడి నేర్పువానికి ఈ రెండు గుంటలును ఎదురగును. కన్నులు తెరచి నడుచుట నేర్పునదే శిక్షణ.

కడవరి దినములు

అజరయ్యగారు 1919లో తరంగంబాడిలో జరిగిన కూటములో సంఘైక్యతకు పిలుపునిచ్చినవారిలో ముఖ్యులు. దోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. హిందూ, మహమ్మదీయ, క్రైస్తవ శిల్పరీతులు ఆ కట్టడములో కలిసియున్నవి. పరదేశపు గుడి కాక ఇది తమ గుడి అని పల్లెవాడు అనుకొనవలెనని ఆయన ఆశ. 1945 జనవరి 1వ తేదీన, నూతన సంవత్సర దినమున, ఆయన దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. ఆయన కోరిన ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరుట ఆయన కన్నులతో చూడలేదు. దోర్నకల్‌లోని వేదాంత కళాశాల 1964లో ఇతర కళాశాలలతో కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలగా మారినది. నేడు మన అధ్యక్ష మండలములలో సేవచేయుచున్న అనేకమంది గురువులు ఆ కళాశాల బిడ్డలే.

మన బడులకు

కాలము మారినది. తాటాకు బడుల స్థానములో మేడలు లేచినవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. 2020 జాతీయ విద్యా విధానము ప్రతి ఉపాధ్యాయునికి సంవత్సరమునకు 50 గంటల వృత్తి శిక్షణ ఉండవలెనని చెప్పినది. ఇంగ్లండు దేశములో 2021 నుండి, బడిలో పిల్లల నడవడికి, బడి సంస్కృతికి నాయకత్వము వహించు ఉపాధ్యాయులకు ప్రత్యేకమైన శిక్షణ, దానికొక అర్హత ఏర్పరచారు. లోకము ఇప్పుడు కనుగొనుచున్న దానిని పోలినదే దోర్నకల్ అడవిలో ఒక బిషపు నూరేండ్ల క్రిందట చేశారు.

అయితే చట్టము బెత్తమును తీసివేయగలదు. బెత్తము స్థానములో ఏమి పెట్టవలెనో చట్టము నేర్పలేదు. బెత్తము పోయి నోరు వచ్చినచో, నోరు పోయి టీసీ వచ్చినచో పిల్లవానికి కలిగిన మేలేమి? మన ప్రాంతపు పిల్లలను చూడుడి. నిజామాబాదు చుట్టుప్రక్కల బీడీలు చుట్టు తల్లుల పిల్లలు, గల్ఫ్‌కు పోయిన తండ్రుల పిల్లలు, నాయనమ్మల పెంపకములో ఉన్నవారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడిన తరువాత జీతములు పోయిన ఇండ్ల పిల్లలు. వీరు ఆలస్యముగా వచ్చినప్పుడు, ఎదురు చెప్పినప్పుడు, మూలన కూర్చుండి మాటలాడనప్పుడు, ఆ నడవడి వెనుక ఒక ఇల్లున్నది. ఆ ఇంటిని ఎరుగని క్రమశిక్షణ గ్రుడ్డిది.

కావున మేము మన పెద్దల ముందు కొన్ని మనవులు ఉంచుచున్నాము. ప్రతి సంవత్సరము జూను మాసమున బడులు తెరచుటకు ముందు, మూడు దినములైనను, మన పాఠశాలల ఉపాధ్యాయులను ఒకచోట చేర్చి పిల్లల నడవడిని గూర్చియే శిక్షణ ఇప్పించవలెను. ప్రతి బడిలో ఒక ఉపాధ్యాయుని లేక ఉపాధ్యాయురాలిని ఈ పనికి ప్రత్యేకముగా ఏర్పరచి, నడుమ నడుమ మరల పిలిచి విచారించవలెను. హాస్టలు వార్డెన్లను, ఆయాలను, మా వంటి కరస్పాండెంటు గురువులను కూడ ఆ బెంచీలమీదనే కూర్చుండబెట్టవలెను. గృహ దర్శనము చేయకుండ ఏ పిల్లవాని టీసీ మీదను ఎవరును సంతకము చేయరాదు. ఈ చివరి నియమమును మేము మా మట్టుకు ఇప్పటికే పెట్టుకొన్నాము.

ఆ పిల్లవాని సంగతి చెప్పి ముగింతుము. మేము రెండుసార్లు వెళ్ళి, అతనిని మరల బడికి రమ్మని బ్రతిమాలుకొన్నాము. తల్లి కన్నీరు పెట్టుకొన్నది గాని పిల్లవాడు ఒప్పుకొనలేదు. తరువాత అతడు తండ్రి వెళ్ళిన దేశమునకే పనికి వెళ్ళినాడని విన్నాము. అజరయ్యగారి తండ్రిని ఒక మిషను బడి లోపలికి పిలిచినది. ఆ పిలుపు నుండి ఒక బిషపు, ఒక అధ్యక్ష మండలము పుట్టినవి. మేము ఒక పిల్లవానిని బడి నుండి బయటికి పంపితిమి. దానితో ఏమేమి పోగొట్టుకొన్నామో దేవునికి మాత్రమే తెలియును.

చిన్నపిల్లలను తన యొద్దకు రానిచ్చిన ప్రభువు, వారిని అడ్డగించు చేతులుగా కాక, పట్టుకొని నడిపించు చేతులుగా మనలను మన ఉపాధ్యాయులను చేయును గాక. ఆమేన్.